పర్ఫార్మెన్స్ ఆర్ట్ చూడ్డం నేర్చుకుందాం – 3వ పాఠం: గ్లౌజులు, ఖాళీ ఫ్రేమ్

పర్ఫార్మెన్స్ ఆర్ట్ అంటే ఆర్టిస్టు బొమ్మ గీయకుండా జనం ముందు తానే ఏదో చేసి చూపించేది, మనకి మిగిలేది ఎక్కువగా దాని ఫొటోలే. పోయిన పాఠంలో ఏమనుకున్నాం, ఫొటో కనపడగానే దీని అర్థమేంటి అని అడగొద్దు, ముందు వస్తువు చూడాలి, తర్వాత చోటు, ఆ తర్వాత ఎవరు ఎవర్ని చూస్తున్నారు అన్నది. ఈసారి ఆ మూడూ లొరేన్ ఓగ్రాడీ అనే అమెరికన్ బ్లాక్ ఆర్టిస్టు మీద పెట్టి చూద్దాం. 1934లో బోస్టన్‌లో పుట్టింది, అమ్మానాన్నలది జమైకా, గవర్నమెంట్‌లో ఇంటెలిజెన్స్ అనలిస్టుగా చేసి, ట్రాన్స్‌లేషన్లు చేసి, రాక్ మ్యూజిక్ మీద రాసి, నలభై దాటాక గానీ ఆర్ట్‌లోకి రాలేదు (నాకు లేటైపోయింది అనేవాళ్ళు ఈ ముక్క ఇంకోసారి చదువుకోండి).

1980 జూన్. న్యూయార్క్‌లో జస్ట్ అబౌవ్ మిడ్‌టౌన్ అని బ్లాక్ ఆర్టిస్టులకి చోటిచ్చిన గ్యాలరీ, అక్కడ ఓపెనింగ్ జరుగుతుంటే ఈవిడ పిలవని పేరంటానికొచ్చినట్టు దిగింది, తలమీద కిరీటం, భుజమ్మీంచి అందాల పోటీ పట్టీ, దానిమీద మద్‌మ్వాజెల్ బూర్జ్వాజ్ న్వార్ అని పేరు, అంటే మిస్ బ్లాక్ మిడిల్‌క్లాస్ లాంటిదన్నమాట.

ఇప్పుడు వస్తువు. తెల్ల గౌను అని రాసుకుంటే మార్కులు కట్. దగ్గరికెళ్ళి చూడండి, అది 180 జతల తెల్ల గ్లౌజులు కలిపి కుట్టిన గౌను. గ్లౌజులన్నీ సెకండ్‌హ్యాండ్ షాపుల్లో కొన్నవి, అంటే ఒకప్పుడు ఎవరో ఆడవాళ్ళ చేతులు దూరినవే. అప్పట్లో తెల్ల గ్లౌజులంటే మంచి ఇంటిపిల్ల, పద్ధతైన పిల్ల అని గుర్తు. ఒళ్ళంతా పరువు కప్పుకుని వచ్చిందన్నమాట.

చేతిలో తెల్ల చామంతులు కట్టిన కొరడా. నవ్వుతూ పూలు ఒక్కోటీ పంచిపెట్టింది, పూలయిపోయాక మిగిలింది కొరడా, దాంతో తన్ను తానే కొట్టుకుంది. మనకి ఇక్కడ బోనాల్లో పోతరాజు గుర్తొస్తాడు, కానీ ఆ దారిన పోవద్దు, అక్కడ కొరడా అంటే ఒకప్పుడు తోటల్లో పనిచేయించిన నల్ల బానిసల వీపు. తర్వాత గట్టిగా అరుస్తూ ఒక కవిత చెప్పింది, సారాంశం ఏంటంటే బ్లాక్ ఆర్ట్ ఇంకా రిస్క్ తీసుకోవాలి, ఈ మర్యాదలు చాలు అని.

రెండోది చోటు. 1981లో అదే గౌనుతో న్యూయార్క్‌లోనే ఉన్న న్యూ మ్యూజియంకి వెళ్ళింది, అక్కడ వేరే మనిషిగా వేషం కట్టే ఆర్టిస్టుల ఎగ్జిబిషన్, తొమ్మిదిమందీ తెల్లవాళ్ళే. గౌను మారలేదు, కొరడా మారలేదు, కవిత మారింది. మొదటిచోట తిట్టు సొంతమనుషులకి, రెండోచోట తలుపు తియ్యనివాళ్ళకి. అందుకే ఫొటో కింద ఎక్కడ తీశారో చూడకుండా ఒక్క ముక్క కూడా రాయొద్దంటాను.

మూడోది, ఎవరు ఎవర్ని చూస్తున్నారు అన్నది, నాకు బాగా ఇష్టమైంది. ఎవరో తెలిసినావిడ, ఆవిడా బ్లాకే, ఈ అవాంగార్డ్ ఆర్ట్‌కీ (పాత పద్ధతులు పక్కనపెట్టి కొత్త ప్రయోగాలు చేసే ఆర్ట్) నల్లవాళ్ళకీ సంబంధమేముంది అందట. దానికి జవాబుగా 1983 సెప్టెంబర్‌లో, న్యూయార్క్‌లో నల్లవాళ్ళ పేటగా పేరున్న హార్లెమ్‌లో జరిగే ఆఫ్రికన్ అమెరికన్ డే పరేడ్‌లో ఓగ్రాడీ ఒక శకటం పెట్టింది. శకటం మీద 9 అడుగుల ఎత్తు, 15 అడుగుల వెడల్పు బంగారు రంగు ఫ్రేమ్, లోపల బొమ్మ లేదు, వీధే బొమ్మ. తెల్లబట్టల్లో పదిహేనుమంది డాన్సర్లూ నటులూ కిందికి దూకి చిన్న ఫ్రేములు జనం మొహాల ముందు పెట్టారు. ఒక ఫొటోలో ఓ పిల్ల ఫ్రేమ్‌లోంచి వేలు నేరుగా కెమెరా వైపు చూపిస్తుంది. ఆ వేలు దగ్గర ఆగండి. ఇక్కడ చూసేదెవరు, మీరా ఆ పిల్లా?

ఎక్సర్‌సైజు: ఇంట్లో పాత ఫొటోఫ్రేమ్ అద్దం, మేకులు తీసేసి, పనిలో ఉన్న ఒకరిని అడిగి వాళ్ళ ముందు రెండు నిమిషాలు పట్టుకోండి. జుట్టు సర్దుకున్నారా, కొంగు లాక్కున్నారా, పో అవతలకి అన్నారా, చూసింది చూసినట్టు రాయండి. తర్వాత ఫ్రేమ్ వాళ్ళ చేతికిచ్చి మీరు నిలబడండి. రెండో పేజీ రాయడం కష్టంగా ఉంటుంది, అయినా రాయండి, వచ్చే పాఠంలో ఏడ్రియన్ పైపర్ అనే ఇంకో ఆర్టిస్టు, ఆవిడ, మీసం పెట్టుకుని వీధుల్లో తిరగడం గురించి చెప్పేటప్పుడు ఆ పేజీతో పని పడుతుంది.