సంపీడన గాలితో నడిచే నీటి ఫిరంగి: ఇంట్లో రూపొందించే విధానం

నీటి ఫిరంగిలో నీటిని ముందుకు తోసేది గాలి, ప్రమాదం పొంచి ఉండేదీ ఆ గాలిలోనే. నీరు ఎంత నొక్కినా దాదాపు కుదించుకుపోదు కనుక, పూర్తిగా నీటితో నిండిన పాత్ర పగిలితే ఒత్తిడి ఆ క్షణంలోనే పడిపోతుంది. గాలి నిండిన పాత్ర పగిలితే మాత్రం అందులో నిల్వ ఉన్న శక్తి అంతా ఒక్కసారిగా బయటపడి ముక్కలను విసిరికొడుతుంది. అందువల్ల గాలిని దేనిలో నింపాలో తేల్చుకున్న తరువాతే మిగతా భాగాల జోలికి వెళ్లాలి.

చాలామంది ముందుగా పీవీసీ గొట్టం వైపు చూస్తారు. దానిపై ముద్రించిన ఒత్తిడి పరిమితి నీటికి సంబంధించినదే తప్ప గాలికి కాదు. లోపల గాలి ఉండగా పగిలితే అది పదునైన పెంకులవుతుంది, వేడెక్కితే బలం ఇంకా తగ్గుతుంది. కాబట్టి దానిని గాలి నిల్వకు వాడనే కూడదు. గ్యాస్ నింపిన శీతల పానీయాల 2 లీటర్ల పెట్ (ప్లాస్టిక్) సీసా ఒత్తిడిని తట్టుకునేలా తయారవుతుంది కనుక అది తగినది. మామూలు మంచినీళ్ల సీసా పనికిరాదు. గాలి నింపి వాడేటప్పుడు ఒత్తిడి 30 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), అంటే సుమారు 2 బార్లు దాటనివ్వకూడదు.

సీసాకు ఎక్కడా రంధ్రం చేయకుండా, మూతకు మాత్రమే రంధ్రం చేసి, రెండు వైపులా రబ్బరు వాషర్లతో పావు అంగుళం ఇత్తడి నిపిల్ (మరలున్న పొట్టి గొట్టం) బిగించాలి. దానికి ఇత్తడి టీ (మూడు దారులున్న T ఆకారపు జాయింటు) తగిలించి, ఒక కొమ్ముకు మర ఉన్న టైరు వాల్వును, రెండో కొమ్ముకు బాల్ వాల్వును (తిప్పితే తెరుచుకునే కుళాయి) టెఫ్లాన్ టేపు చుట్టి అమర్చాలి. సీసాను తలకిందులుగా పట్టుకుని సైకిలు పంపుతో గాలి కొడితే, బుడగలు నీటి గుండా పైకి చేరి, నీటిపై గాలి పొర ఏర్పడుతుంది.

ఎంత నీరు పోయాలన్నది లెక్క వేసుకోవలసిన విషయం. 2 బార్ల వద్ద నీరు సెకనుకు సుమారు 20 మీటర్ల వేగంతో వెలువడుతుంది. సీసాలో సగం నీరు ఉంటే, అది ఖాళీ అయ్యేసరికి గాలి రెట్టింపు చోటు ఆక్రమించి (బయటి గాలి ఒత్తిడి 1 బారు కలిపి ఉన్న 3 బార్లు 1.5కు తగ్గుతాయి, అందులో ఆ 1 బారు తీసేస్తే), ఒత్తిడి అర బారుకు, వేగం 10 మీటర్లకు పడిపోతాయి. మూడో వంతు నీరే పోస్తే చివరిలో కూడా 1 బారు మిగిలి, వేగం 14 మీటర్ల దగ్గర నిలుస్తుంది. ధార కొంత త్వరగా అయిపోయినా, చివరి వరకు బలంగా ఉంటుంది కనుక మూడో వంతే మేలని నా అభిప్రాయం.

దూరం పెరగాలంటే ఒత్తిడి పెంచడం కన్నా ధారను చెదరకుండా చూడటమే సరైన మార్గం. వాల్వు దాటిన నీరు సుడులు తిరుగుతూ వస్తుంది. అలాగే బయటపడితే చినుకులుగా చీలి, గాలి నిరోధానికి వేగం కోల్పోతుంది. అందుకే వాల్వు తరువాత అర అంగుళం (లోపలి వ్యాసం సుమారు 15 మిల్లీమీటర్లు) ఇత్తడి గొట్టం అమర్చి, అందులో 5 సెంటీమీటర్ల పొడవున కత్తిరించిన స్ట్రాలను కదలకుండా బిగుతుగా దూర్చాలి. గొట్టం కొసన 4 మిల్లీమీటర్ల నాజిల్ ఉంటే, గొట్టంలో నీటి వేగం నాజిల్ వద్ద ఉండే వేగంలో 14వ వంతు మాత్రమే కనుక, సుడులు అణగడానికి వ్యవధి దొరుకుతుంది. నాజిల్ లోపలి అంచును సన్నని గరుకు కాగితంతో నునుపు చేయాలి. అక్కడ మిగిలిన చిన్న లోహపు గరుకు కూడా ధారను పక్కకు చీలుస్తుంది.

తొలి పరీక్షకు వాల్వు మూసి, సీసాను గాలి బుడగ మిగలకుండా నీటితో నింపి, గేజి ఉన్న పంపుతో 45 పీఎస్ఐ వరకు తీసుకెళ్లి కొన్ని నిమిషాలు ఆగాలి. ఎక్కడ చెమ్మ కనిపించినా ఒత్తిడి పూర్తిగా వదిలిన తరువాతే ఆ జాయింటును బిగించాలి. ఈ పరీక్షకూ, ఆ తరువాత గాలి కొట్టే ప్రతిసారీ రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి. పెద్ద కంప్రెసర్‌ను నేరుగా తగిలించకూడదు, ఎందుకంటే గేజి చూసేలోపే పరిమితి దాటిపోతుంది.

ఆ వేగంతో వచ్చే ధార కంటికి, చెవికి శాశ్వత హాని చేయగలదు కనుక మనుషుల ముఖం వైపు, జంతువుల వైపు గురిపెట్టరాదు. వాడకం ముగిశాక ఒత్తిడి వదిలి నీడలో ఉంచాలి. సీసాపై తెల్లని మడతగీతలు గానీ, గీతలు గానీ కనిపిస్తే వెంటనే కొత్తది వేయాలి.