అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్‌ను (పాస్‌లు విసిరే ఆటగాణ్ణి) ఆట మధ్యలో ఎప్పుడు మార్చాలి?

సమస్య: సగం ఆట అయినా పాయింట్లు లేవు, శాక్‌లు (బంతి విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడాలు) పెరుగుతున్నాయి, ప్రేక్షకులు బెంచీ మీదున్న రెండో కుర్రాడి పేరు పెట్టి అరుస్తున్నారు.

ముందుగా చేయాల్సిన తనిఖీ ఒకటుంది. బంతిని మరిచి, క్వార్టర్‌బ్యాక్‌కు అడ్డుగోడగా నిలిచే అయిదుగురు లైన్‌మెన్‌ను చూడండి. స్నాప్ (బంతిని వెనక్కి అందించి ఆట మొదలుపెట్టడం) అయిన రెండు సెకన్లకే ఎదుటివాళ్లు మీద పడుతుంటే ఎవరిని దింపినా అదే గతి. బంతితో పరిగెత్తే రన్నింగ్‌బ్యాక్‌ను కాపలాకు ఆపి, పొట్టి పాస్‌లు ఆడించండి. చేతిలో పడ్డ బంతిని రిసీవర్లు (పాస్ అందుకునేవాళ్లు) జారవిడుస్తుంటే మాట్లాడాల్సింది వాళ్లతో.

అసలు చిక్కు లైన్ కుదురుకున్నాక వస్తుంది. శాక్‌లు మాత్రం ఆగవు. మొదట్లో దెబ్బలు తిన్న కుర్రాడు తాడును చూసి పామనుకుంటాడు. ఖాళీగా ఉన్న పాకెట్ (లైన్‌మెన్ కాపాడే చోటు) వదిలి పక్కకు పరిగెత్తి, తనంతట తానే మీదికి దూసుకొచ్చే రషర్ చేతికి చిక్కుతాడు. లెక్కల్లో అదీ శాకే కాబట్టి తిట్లు మళ్లీ లైన్‌కే. 2024 నుంచి పెద్ద కాలేజీ జట్లకు సైడ్‌లైన్‌లోనే టాబ్లెట్‌లో వీడియో చూసే వీలుంది. అందులో హెల్మెట్ ముందు కమ్మీలను గమనించండి. అవి దూరంగా ఉన్న రిసీవర్ల వైపు కాక, దగ్గరికి వచ్చేవాళ్ల వైపు దిగుతున్నాయా? పాదాలు ఊరికే తొక్కుతున్నాడా? అయితే జబ్బు అతనిదే.

పరిష్కారం: ఒక్క డ్రైవ్ (బంతి మన జట్టు చేతిలో ఉండే ఒక విడత) ఇవ్వండి, తేలికైన పాస్‌లతో. అప్పుడూ పాకెట్‌లో నిలవకపోతే మార్చేయండి. అతని పాత రికార్డు అడ్డు రాకూడదు. 2018 జనవరి 8న అట్లాంటాలో జార్జియాతో కాలేజీ జాతీయ ఫైనల్లో అలబామా విరామానికి 0-13తో వెనకబడింది. దాని క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్ 8 పాస్‌లలో 3 పూర్తి చేసి 21 గజాలే తెచ్చాడు. స్టార్టర్‌గా రెండే ఓటములున్న అతన్ని కోచ్ నిక్ సేబన్ కూర్చోబెట్టి టువా టాగోవైలోవాను దింపాడు.

మార్చాక మళ్లీ అటూ ఇటూ తిప్పకండి. టువా ఒక ఇంటర్‌సెప్షన్ (ఎదుటివాళ్లు పట్టేసిన పాస్) ఇచ్చాడు, ఓవర్‌టైమ్‌లో 16 గజాలు పోగొట్టే శాక్ తిన్నాడు. ఆ వెంటనే డివాంటా స్మిత్‌కు 41 గజాల టచ్‌డౌన్ విసిరాడు. 26-23తో కప్పు అలబామాది. కూర్చోబెట్టినవాణ్ణీ సిద్ధంగా ఉంచండి. అదే ఏడాది డిసెంబరులో, అదే మైదానంలో, అదే జార్జియా మీద, టువా గాయపడితే హర్ట్స్ దిగి 35-28తో గెలిపించాడు.

గాయమైతే డాక్టర్ మాటే చివరిది. వాన, గాలి అంటారా, ఎదుటి జట్టు మీదా అదే వాన.