ఇంట్లో స్పీకర్లకు సరైన వైరు ఎంచుకోవడం ఎలా?

కడపలో ఎవరైనా సౌండ్ బాగాలేదని పిలిస్తే నేను వెళ్లి మొదట చూసేది స్పీకర్లకు సౌండు పంపే యాంప్‌ను (యాంప్లిఫయరు) కాదు, దాని వెనక నుంచి బయల్దేరే వైరును. వేలకు వేలు పోసి స్పీకర్లు కొని ఉంటారు. వాటికి వెళ్లే వైరు మాత్రం కాలింగ్ బెల్లుకు వాడగా మిగిలిన ముక్క. ఇంకో ఇంట్లో చిటికెన వేలంత లావు తొడుగు ఉంటుంది, లోపల రాగి దారప్పోగంత. డోలు దెబ్బ గట్టిగా పడి అక్కడికక్కడే ఆగాల్సిన చోట బొయ్యిమని సాగుతుంటే స్పీకరు పోయిందంటారు. స్పీకరుకేం కాలేదు. ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను, ఇదే తప్పు ఇంటింటా చూస్తున్నాను.

సామాన్లు: పురికొస, కొత్త బ్లేడు, పెన్ను రీఫిల్, స్కేలు, ఒక పెన్సిల్ సెల్, మల్టీమీటరు. మీటరు లేకపోతే తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను అడిగి తెచ్చుకోండి.

1. స్పీకరు ఎన్ని ఓమ్స్‌దో చూడండి

స్పీకరు వెనక స్టిక్కరు మీద 8, 6 లేదా 4 ఓమ్స్ అని ఉంటుంది. కరెంటుకు స్పీకరు ఎంత అడ్డుపడుతుందో, అంటే దాని నిరోధం ఎంతో చెప్పే కొలత ఇది. స్టిక్కరు చిరిగిపోయి ఉంటే వైరు పీకేసి మీటరు పెట్టండి. 8 ఓమ్స్ స్పీకరు మీటరులో ఆరు దగ్గర, 4 ఓమ్స్‌ది మూడు పైచిలుకు చూపిస్తుంది. అంకె తగ్గేకొద్దీ వైరులో పారే కరెంటు పెరుగుతుంది, వైరు లావుగా ఉండాలి. డబ్బాలో సెట్టుగా వచ్చే హోమ్ థియేటర్లలో చాలావాటి స్పీకర్లు 3 లేదా 4 ఓమ్స్‌వి. స్పీకరు చిన్నదే కదా అని సన్నటి వైరు వేసేది సరిగ్గా వీటికే.

2. దూరం కొలవండి

కంటి అంచనా వద్దు. మన ఇళ్లలో గోడ అలమరలో నల్లబండ అర మీద స్పీకరు పెడతారు, యాంప్ టీవీ కింద ఉంటుంది. చూపుకు మూడు మీటర్లే. వైరు గోడ వెంట దిగి, ద్వారబంధం చుట్టూ తిరిగి వచ్చేసరికి ఏడు. వైరు ఏ దారిన పోతుందో ఆ దారినే పురికొస పరిచి, దాన్ని కొలవండి. రెండు కొసలా అర మీటరు చొప్పున కలపండి. కుడి, ఎడమ రెండింటికీ ఎక్కువ దూరం ఉన్నదాని కొలతే కోయాలి. రేపు స్పీకర్లు అటూ ఇటూ మార్చుకున్నా వైరు చాలకపోవడం ఉండదు.

3. మందం తేల్చుకోండి

వైరు నిరోధం స్పీకరు ఓమ్స్‌లో ఇరవయ్యో వంతు దాటకూడదు. అంటే 8 ఓమ్స్ స్పీకరుకు 0.4, 4 ఓమ్స్‌కు 0.2. కరెంటు వెళ్లి తిరిగి రావాలి కాబట్టి పది మీటర్ల దూరమంటే ఇరవై మీటర్ల రాగి అని గుర్తుంచుకోండి. ఈ లెక్కన 0.75 స్క్వేర్ ఎంఎం (లోపలి రాగి అడ్డకోత వైశాల్యం, చదరపు మిల్లీమీటర్లలో) రాగి వైరు 8 ఓమ్స్‌కు ఏడు మీటర్ల దాకా, 4 ఓమ్స్‌కు మూడున్నర దాకా పనికొస్తుంది. 1.5 వైరు 8 ఓమ్స్‌కు పదిహేను, 4 ఓమ్స్‌కు ఏడు. 2.5 అయితే ఇరవై ఐదు, పన్నెండు. ఇవి 20 డిగ్రీల దగ్గర లెక్కలు. రాగి వేడెక్కితే నిరోధం పెరుగుతుంది, 45 డిగ్రీలకు దాదాపు పదో వంతు ఎక్కువ. మన మే నెల తెలిసిందే కదా, అందుకే హద్దు దాకా పోకండి. నా ఇంట్లోనూ, నేను వేసే ఏ ఇంట్లోనూ 1.5 కన్నా సన్నటిది వాడను. మీరూ వాడొద్దు.

"వంద వాట్ల బల్బు సన్నటి వైరు మీద వెలుగుతోంది కదన్నా" అని అడుగుతారు. ఆ బల్బు 230 వోల్టుల మీద అర ఆంపియర్ కూడా తీసుకోదు. అదే వంద వాట్లు 4 ఓమ్స్ స్పీకరుకు అందాలంటే వైరులో 5 ఆంపియర్లు పారాలి. మైక్ సెట్టు వాళ్ల సంగతి కూడా ఇంతే. పెద్ద దర్గా ఉరుసుకో, శ్రీరామనవమికో వీధి పొడవునా సన్నటి వైరు మీద హారన్లు కడతారు, అన్నీ ఖంగుమని మోగుతాయి. అది చూసి ఇంట్లోనూ అదే వైరు చాలనుకుంటారు. వాళ్ల యాంప్ 100 వోల్టుల లైను మీద పంపుతుంది. వోల్టేజీ ఎక్కువ కాబట్టి కరెంటు తక్కువ, వైరులో నష్టమూ తక్కువ. హారన్ దగ్గర చిన్న ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని మళ్లీ దించుతుంది. ఊరికి కరెంటు పెద్ద టవర్ల మీద హై వోల్టేజీతో రావడానికీ కారణం ఇదే. మీ ఇంటి యాంప్‌లో ఆ ఏర్పాటు లేదు.

షాపులో గేజ్ (వైరు మందానికి పెట్టిన నంబరు) అంకె చెబితే స్క్వేర్ ఎంఎం ఎంతో అడగండి. గేజుల్లో రెండు పద్ధతులున్నాయి. అమెరికా పద్ధతిలో 16 గేజ్ 1.3 స్క్వేర్ ఎంఎం, పాత బ్రిటిష్ పద్ధతిలో అదే 16 గేజ్ 2 పైన. ఏ గేజో చెప్పకుండా అంకె చెబితే చెప్పనట్టే లెక్క.

4. వైరును చేత్తో పరీక్షించండి

ఇప్పటిదాకా చెప్పింది లెక్క, ఎవరైనా చేస్తారు. అందరూ బోల్తా పడేది ఇక్కడ. దయచేసి ఈ భాగం నిదానంగా చదవండి.

ఎర్రముక్కపల్లెలో మా పిన్ని కొడుకు ఇల్లు కట్టేటప్పుడు, గోడల్లో పైపులు వేసేరోజు నేను ఊళ్లో లేను. వాడే వెళ్లి, షాపులో రాగి వైరని చెబితే వంద మీటర్ల బండిల్ తెచ్చి పైపుల్లో లాగించేశాడు. పైకి అద్దంలాంటి తొడుగు, లోపల ఎర్రగా మెరిసే పోగులు. రెండేళ్లకు వెనక స్పీకరు ఒకటి ఆగి ఆగి మోగడం మొదలైంది. స్క్రూ విప్పి వైరు కొస ముట్టుకుంటే పోగులు చేతిలోకి రాలి వచ్చాయి. విరిగినచోట తెల్లగా ఉంది. అది రాగి పూత పూసిన అల్యూమినియం. పైపు వంపుల దగ్గర వైరు బిగుసుకుపోయి ఉంది, లాగితే తెగింది, రంగులు వేసిన గోడ రెండు చోట్ల పగలగొట్టాం. పిన్ని ఆ గోడ వంక చూస్తూ ఒక్క మాట కూడా అనలేదు. ఆ రోజు నుంచి బ్లేడు లేకుండా నేను వైరు షాపుకు పోలేదు.

పరీక్ష ఇలా చేయాలి. కొస దగ్గర రెండంగుళాలు తొడుగు ఒలిచి ఒక్క పోగు విడదీయండి. దాన్ని గట్టి అట్ట మీద ఆనించి, బ్లేడును వాలుగా పట్టి, పెన్సిల్ చెక్కినట్టు నాలుగైదుసార్లు గీకండి. ఎంత లోతుకు గీకినా ఎర్రగానే ఉంటే రాగి. రెండో గీకుడికే తెల్లగా బయటపడితే అల్యూమినియం. పోగు పైకి తెల్లగా ఉండి గీకితే ఎర్రబడితే మాత్రం కంగారు పడకండి. అది తగరం పూత పూసిన రాగి, మంచిదే. కటింగ్ ప్లయరుతో కోసిన ముఖం చూసి తీర్పు చెప్పకండి. కోసేటప్పుడు పైనున్న రాగి నలిగి ముఖం మీదికి పాకుతుంది, లోపలి తెలుపు కనబడదు. మెరిసేదంతా రాగి అని నమ్మేది అక్కడే.

షాపులో తొందర పెడతారు. "ఒరిజినలే సార్, చూడక్కర్లేదు" అంటారు. చూడనివ్వకపోతే ఆ షాపులో కొనకండి.

బండిల్ మొత్తం కొనేటట్టయితే ఇంకో రెండు సాక్ష్యాలున్నాయి. జంట వైరు 1.5ది వంద మీటర్లలో రాగే రెండు కిలోల ఆరువందల గ్రాములకు పైగా ఉంటుంది, తొడుగు బరువు వేరే. అల్యూమినియం రకం చేతిలోకి తీసుకోగానే తేలిపోతుంది. రెండోది మీటరు. ఒక కొసన రెండు తీగలూ కలిపి మెలేసి, ఇంకో కొసన మీటరు పెట్టండి. వంద మీటర్ల రాగి జంట రెండున్నర ఓమ్స్ దరిదాపుల్లో చూపాలి. మూడున్నర దాటితే ఏదో మోసం ఉంది. మీటరు మొనలు రెండూ ఒకదానికొకటి ఆనించినప్పుడు చూపే అంకెను ఇందులోంచి తీసేయడం మరవకండి.

రాగి అని తేలాక మందం కూడా నిజమో కాదో చూడాలి. తొడుగు మీద 1.5 అని అచ్చు వేసినంతమాత్రాన లోపల 1.5 ఉండదు. పోగులు లెక్కపెట్టండి. తర్వాత ఒక పోగును రీఫిల్ చుట్టూ ఒకదాని పక్కన ఒకటి ఆనేలా ముప్పై చుట్లు చుట్టి, ఆ చుట్ల వెడల్పు స్కేలుతో కొలవండి. 9 మిల్లీమీటర్లు వస్తే పోగు మందం 0.3 మిల్లీమీటర్లు, 6 వస్తే 0.2. సరైన 1.5 వైరులో 0.3 పోగులు 22 ఉంటాయి, లేదా 0.25 పోగులు 30. 0.2 పోగులు 24 ఉంటే అది 0.75 వైరే, పైన ఏం రాసినా సరే. ఈ కొలతకు ఐదు నిమిషాలు పడుతుంది. నేను షాపు మెట్ల మీదే కూర్చుని చుడతాను.

ఇక ఖరీదైన స్పీకరు కేబుళ్ల మాట. ఆక్సిజన్ లేని రాగి అని రాసి ఎన్నో రెట్లు ధర పెడతారు. కరెంటును మోయడంలో దానికీ మామూలు ఎలక్ట్రిక్ గ్రేడు రాగికీ ఉన్న తేడా ఒక్క శాతం దరిదాపుల్లోనే. అసలు వెండి అయినా రాగి కన్నా ఐదారు శాతమే మెరుగు. ఆ డబ్బుతో ఒక సైజు లావు రాగి వైరు తీసుకుంటే అంతకన్నా ఎంతో లాభం. నేను వేసేది ఇంటి వైరింగుకు వాడే మల్టీస్ట్రాండ్ రాగి వైరే. ఐఎస్ 694 (ఇలాంటి వైర్లకు భారతీయ ప్రమాణం), ఐఎస్ఐ గుర్తు ఉన్నది, 22/0.3, అంటే 0.3 పోగులు 22. ఎరుపు ఒకటి, నలుపు ఒకటి తీసుకుని రెండూ కలిపి పురి పెడతాను. ప్లస్, మైనస్ కలగాపులగం కావు. ఒంటి తీగ వైరు మాత్రం వద్దు, పదే పదే వంచితే స్క్రూ దగ్గర విరుగుతుంది.

5. లాగండి, బిగించండి

స్పీకరు వైరు, ఇంటి కరెంటు వైరు ఒకే పైపులో పోకూడదు. ఇంటి వైరింగు రకం వాడారు కాబట్టి రెండు కొసలకూ "స్పీకరు" అని రాసి టేపు అంటించండి. లేకపోతే రేపు వచ్చే ఎలక్ట్రీషియన్ దాన్ని మెయిన్స్ అనుకునే ప్రమాదం ఉంది. యాంప్ ప్లగ్ పీకేశాకే కొసలు ముట్టుకోండి. ఒక సెంటీమీటరు మాత్రమే ఒలిచి, పోగులు పురి పెట్టి, సోల్డర్ పెట్టకుండా బిగించండి. ఒక్క పోగు పక్క టెర్మినల్‌కు తగిలినా యాంప్ కాలిపోవచ్చు.

చివరగా, వైరును యాంప్ వైపు బిగించకముందే ఆ కొసకు పెన్సిల్ సెల్ క్షణం సేపు తాకించండి, ప్లస్ ఎర్ర వైరుకు. స్పీకరు దగ్గర ఇంకొకర్ని నిలబెట్టి జాలీ తీసి పెద్ద కోన్‌ను చూడమనండి. టక్కుమని బయటికి వస్తే సరిగ్గా ఉన్నట్టు. లోపలికి పోతే స్పీకరు వెనక రెండు కొసలూ మార్చి బిగించి, మళ్లీ సెల్ పెట్టి చూడండి. అన్ని స్పీకర్లూ బయటికే కదిలాక యాంప్‌కు కలపండి.