తుపానులో పంట పోతే పెట్టుబడి రాయితీ పొందడం ఎలా?

ఆంధ్రప్రదేశ్‌లో పంట నష్టపరిహారం, అంటే పెట్టుబడి రాయితీ, ఎవరి ఖాతాలో పడాలో చాలావరకు నాట్లు వేసిన నెలలోనే తేలిపోతుంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర, 2025 అక్టోబరులో మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటాయి. అప్పటికి కాగితాలు సిద్ధంగా లేని రైతు, నీళ్లలో నానిన వరి కంకులు చూపించినా జాబితాకెక్కడం కష్టమే.

1. ఈ-పంటలో (ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే ఆన్‌లైన్ నమోదులో) పేరు చేర్పించండి. విత్తగానే రైతు సేవా కేంద్రంలో గ్రామ వ్యవసాయ సహాయకుడిని కలవండి. పండ్లతోటలైతే ఉద్యాన సహాయకుడిని. సర్వే నంబరు, విస్తీర్ణం, పంట పేరు, నీటి వసతి ఈ నాలుగూ చదివించుకున్నాకే వేలిముద్ర వేయండి. బోరు కింద సాగయ్యే చేను వర్షాధారమని పడిందంటే రాయితీ సగానికి పడిపోతుంది. రసీదును పాసుపుస్తకంలోనే పెట్టుకోండి.

2. కౌలు రైతులైతే సీసీఆర్సీ కార్డు తీసుకోండి. 2019 చట్టం కింద ఇచ్చే ఈ సాగు హక్కు పత్రం 11 నెలలు చెల్లుతుంది. దీనికి భూ యజమాని సంతకం కావాలి. అసలు చిక్కంతా ఇక్కడే: సంతకం పెడితే పొలం చేజారుతుందేమోనని ఆసాములు జంకుతారు. పంట మీద తప్ప భూమి మీద కౌలుదారుకు ఏ హక్కూ రాదని ఆ చట్టమే చెబుతోంది. ఈ మాట మీరు చెప్పేకంటే వీఆర్వో చేత చెప్పించడం మేలు.

3. బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానమై ఉందో లేదో ముందే చూసుకోండి.

4. వాన వెలిశాక వెంటనే రైతు సేవా కేంద్రంలో తెలియజేయండి. గట్టు, పక్క చేను కనబడేలా ఫోటోలు తీయండి. నీరు బయటికి తీయడం ఆపనక్కర్లేదు గానీ, పరిశీలన బృందం వచ్చేదాకా చేను దున్నేయకండి. వాళ్లు వచ్చిన రోజు మీరే గట్టు మీద ఉండాలి. నష్టం 33 శాతం, అంతకు పైన ఉంటేనే లెక్కలోకి వస్తుంది. ఇసుక మేట వేసిన పొలానికి చిన్న, సన్నకారు రైతులకు విడిగా సాయం ఉంది. మేట మూడు అంగుళాలు మించాలి. పంట నష్టం రాయించేటప్పుడే దాన్నీ రాయించండి.

5. జాబితాలో పేరు చూసుకోండి. సామాజిక తనిఖీ కోసం, అంటే ఊరివాళ్లంతా చూసి తప్పొప్పులు చెప్పేందుకు, దాన్ని రైతు సేవా కేంద్రంలో అతికిస్తారు. అభ్యంతరాలకు ఇచ్చే గడువు కొద్ది రోజులే. నోటిమాటతో సరిపెట్టకుండా ఈ-పంట రసీదు, ఫోటోలు జతచేసి అర్జీ ఇవ్వండి. అక్కడ కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా ఫిర్యాదుల కార్యక్రమానికి వెళ్లండి.

ఎంత వస్తుంది? 2022-26 కాలానికి విపత్తు సహాయ నిధి నిబంధనల ప్రకారం హెక్టారుకు వర్షాధార పంటకు రూ.8,500, నీటి వసతి ఉన్న పంటకు రూ.17,000, బహువార్షిక తోటలకు రూ.22,500. రెండు హెక్టార్ల వరకే, అంటే దాదాపు అయిదెకరాలు. దీనికి రాష్ట్రం తన వంతు కలపొచ్చు: 2024 సెప్టెంబరు వరదలప్పుడు వరికి హెక్టారుకు రూ.25,000 ప్రకటించారు. అందుకే ప్రతి తుపానుకూ వెలువడే జీవో చూడాలి.

పంటల బీమా దీనికి వేరు. ప్రీమియం కట్టినవారు, కోసి పొలంలో ఆరబెట్టిన పంట తడిస్తే 72 గంటల్లోగా 14447 నంబరుకు ఫోను చేయాలి.