రెండో సిట్టింగ్‌కి కాళ్ళు రావట్లేదా? పళ్ళ డాక్టరంటే భయం: సమస్య - పరిష్కారం

మొదటిసారి పళ్ళ డాక్టరు దగ్గరికి నొప్పే లాక్కెళ్తుంది. రెండోసారికి ఆ నొప్పి ఉండదు, కుర్చీలో ఏం జరిగిందో మాత్రం గుర్తుంటుంది. అందుకే రూట్ కెనాల్ సగంలో వదిలేసినవాళ్ళు, క్యాప్ పెట్టించుకోనివాళ్ళు, రెండు పళ్ళు తీయించుకోవాల్సి ఉంటే ఒకటి తీయించుకుని మళ్ళీ అటు తిరిగి చూడనివాళ్ళు మన గోదావరి జిల్లాల్లో ఊరికి పదిమంది దొరుకుతారు. "భయమండి" అని ఊరుకుంటే డాక్టరు కూడా "ఏం కాదండి" అనేసి పని మొదలెడతాడు. దేనికి భయమో చెబితే దానికి తగ్గ ఉపాయం దాదాపు ప్రతిసారీ ఉంటుంది. మీది ఏదో చూసుకోండి.

క్లినిక్ నుంచి ఫోనొస్తే ఎత్తట్లేదు

సార్వా కోతలు అవ్వనీయండి, దాళ్వా నాట్లు పడిపోనీయండి, సంక్రాంతికి అల్లుళ్ళు వచ్చి వెళ్ళిపోనీయండి, చెరువున్నవాళ్ళకైతే రొయ్యల పట్టుబడి అవ్వాలి. ఇలా వాయిదా వేస్తూ పోతే 2027 పుష్కరాలు కూడా వచ్చేస్తాయి.

కారణం: వాయిదా వేసిన ప్రతిసారీ మనసుకి హాయిగా ఉంటుంది, ఆ హాయి వల్లే భయం ఇంకా ముదురుతుంది. ఈలోపు పంట్లో పెట్టింది తాత్కాలిక సిమెంటు, అది నెలల తరబడి ఉండేది కాదు. అది అరిగితే ఉమ్ము లోపలికి దిగి మళ్ళీ ఇన్ఫెక్షన్ వస్తుంది. క్యాప్ లేని దవడ పన్ను ఏ జంతికో కొరికినప్పుడు నిలువునా చీలిందంటే ఇక పీకించుకోవడమే.

పరిష్కారం: మీరే ఫోన్ చేసి, "భయంతోనే రాలేదండి, ఈసారి చూసి ఎక్స్‌రే తీసి పంపండి చాలు" అనండి. పని చెయ్యని సిట్టింగ్ ఒకటి అయితే తర్వాతది తేలికవుతుంది. టైము పొద్దున్నే మొదటిది అడగండి, సాయంత్రం ఆరింటికి తీసుకుంటే పొద్దుటి నుంచీ టెన్షన్ పడుతూ కూర్చోవాలి.

పోయినసారి మత్తు ఇచ్చాక కూడా ప్రాణం పోయింది

అన్నిటికంటే గట్టి కారణం ఇదే, ఇది మీ ఊహ కాదు. పన్ను చుట్టూ చీము, వాపు ఉన్నప్పుడు అక్కడ ఆమ్లం పెరుగుతుంది, దాంతో లిగ్నోకైన్ అనే మత్తు మందు నరంలోకి సరిగ్గా దిగదు. నరం కూడా అప్పటికే రేగిపోయి ఉంటుంది. దానికి తోడు కింది దవడ ఎముక గట్టిది కాబట్టి, వెనక పళ్ళకి ఇంజెక్షన్ పంటి పక్కన కాకుండా దవడ వెనక నరం లోపలికి వెళ్ళే చోట ఇస్తారు. అక్కడ సూది కాస్త పక్కకి పడినా, మందు ఎక్కడానికి టైమివ్వకపోయినా నొప్పి తెలుస్తుంది.

కాబట్టి కూర్చోగానే "పోయినసారి కింది పంటికి మత్తు ఎక్కలేదండి" అని చెప్పండి, ఈ ఒక్క మాటతో డాక్టరు పద్ధతే మారుతుంది. ఇంజెక్షన్ అయ్యాక తొందరపెట్టొద్దు, దవడ వెనక ఇచ్చినదానికి 5 నుంచి 10 నిమిషాలు పట్టడం మామూలే. పెదవి సగం లావెక్కినట్టు అనిపించి, పుక్కిలించిన నీళ్ళు ఆ మూల నుంచి చొక్కా మీదకి కారిపోతుంటే మందు ఎక్కుతోందన్నమాట. కానీ పెదవి మొద్దుబారినంత మాత్రాన పన్ను మొద్దుబారినట్టు కాదు. దూదికి చల్లటి స్ప్రే కొట్టి పంటికి ఆనించి చూడమనండి, జివ్వుమంటే ఇంకా తెలుస్తున్నట్టే. అప్పుడు పంటి పక్కన, పంటికీ ఎముకకీ మధ్య సందులో, అవసరమైతే పంటి నరంలోకే ఇంకో డోసు ఇవ్వడానికి పద్ధతులున్నాయి. సూదంటేనే భయమైతే ముందు చిగురుకి జెల్లు గానీ స్ప్రే గానీ రాయమని అడగండి. చాలాచోట్ల ఉంటుంది, అడిగితేనే బయటకి తీస్తారు.

ఒక సంగతి తెలిసి వెళ్ళండి. పన్ను తీసేటప్పుడు మత్తు ఆపేది నొప్పిని, ఒత్తిడిని కాదు. నొక్కుతున్నట్టు, లాగుతున్నట్టు తెలుస్తుంది, కరకరమని చప్పుడూ వినపడుతుంది. పదునుగా పోటు వస్తే మాత్రం అది భరించాల్సింది కాదు, వెంటనే ఆపించండి.

ఇంజెక్షన్ పడగానే గుండె దడదడ, చేతులు వణుకు

చాలామంది "నాకు ఆ మందు పడదు" అని తేల్చేసుకునేది ఇక్కడే. మందు ఎక్కువసేపు పనిచెయ్యడానికి అందులో కొద్దిగా అడ్రినలిన్ కలుపుతారు, దడ దానివల్ల, మీ కంగారు వల్ల. కొన్ని నిమిషాల్లో దిగిపోతుంది. ఒళ్ళంతా దద్దుర్లు, మొహం వాపు, ఊపిరాడకపోవడం ఉంటే మాత్రం వేరే సంగతి, వెంటనే చెప్పాలి. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్ళు ముందే చెబితే అడ్రినలిన్ తగ్గించో, లేకుండానో ఇస్తారు. రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే మీ అంతట మీరు ఆపెయ్యొద్దు, ఏం వాడుతున్నారో చీటీ పట్టుకెళ్ళండి.

కళ్ళు తిరిగి పడిపోతానేమో

మన వాళ్ళు ఆసుపత్రి అనగానే ఖాళీ కడుపుతో బయల్దేరతారు. మామూలు మత్తు ఇంజెక్షన్‌కి ఆ అవసరం లేదు, ఇడ్లీయో పెరుగన్నమో తినే వెళ్ళండి, షుగరున్నవాళ్ళు మరీనూ. సూది చూస్తే పడిపోయేవాళ్ళకి బీపీ దిగిపోతుంది కాబట్టి ఒళ్ళు వదులు చేసుకోమనే సలహా వాళ్ళకి పనికిరాదు. సూదికి ముందు కాళ్ళు, పిరుదులు, చేతులు పది పదిహేను సెకన్లు గట్టిగా బిగించి, కాస్త వదిలి, మళ్ళీ బిగించాలి. కుర్చీ వెనక్కి వాల్చమని అడగండి.

మిషను చప్పుడు, నోరు తెరిచి కదలకుండా పడుకోవడం

ఎడమ చెయ్యి ఎత్తితే ఆపెయ్యాలని ముందే మాట తీసుకోండి. మొదట్లో నొప్పి లేకపోయినా ఒకసారి ఎత్తి చూడండి, నిజంగా ఆపితే సగం భయం అక్కడే పోతుంది. ఆపకపోతే డాక్టరుని మార్చండి, మొహమాటం అక్కర్లేదు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవచ్చు.

క్యాప్ కొలతకి నోట్లో ముద్ద పెడితే వాంతి వస్తోంది

ముక్కుతో ఊపిరి తీసుకుంటూ తల కాస్త ముందుకి వంచండి, ఒక కాలు గాల్లోకి ఎత్తి పట్టుకోండి. నవ్వు రావచ్చు గానీ ధ్యాస కాలి మీదకి పోతుంది. నాలుక చివర చిటికెడు ఉప్పు కూడా కొందరికి పనిచేస్తుంది. స్కానర్ ఉన్న క్లినిక్ అయితే ముద్ద పెట్టే పనే లేదు.

"పై పన్ను తీయిస్తే చూపు పోతుందే అమ్మాయ్"

పోదు. పంటి నరం, చూపు నరం వేరు. మామ్మగారికి ఎదురు చెప్పకుండా వెళ్ళి రండి.

ఏం చేసినా వణుకు తగ్గట్లేదు

ధైర్యానికని ఓ పెగ్గు వేసుకుని వెళ్ళేవాళ్ళున్నారు, అలా వస్తే చాలామంది డాక్టర్లు పని వాయిదా వేస్తారు. పైగా పంటి చీముకి తరచుగా రాసే మెట్రోనిడజోల్‌తో మద్యం పడదు. డాక్టరే ముందు రోజు రాత్రికో, గంట ముందుకో భయం తగ్గే మాత్ర ఇవ్వగలడు. అది వేసుకున్న రోజు బండి నడపకూడదు, కాలవ గట్టు మీద అసలే వద్దు, తోడుగా ఒకరు రావాలి. కొన్ని పెద్ద క్లినిక్కుల్లో ముక్కుతో పీల్చే గ్యాస్ కూడా ఉంటుంది. ఖర్చు కూడా భయంలో భాగమైతే భీమవరం, రాజమండ్రి, అమలాపురంలో డెంటల్ కాలేజీలున్నాయి. టైము ఎక్కువ పడుతుంది, ఫీజు తక్కువ.

వాపు దవడ కిందకి దిగింది

ఇక్కడ భయం సంగతి పక్కన పెట్టండి. నోరు తెరుచుకోకపోయినా, మింగడం కష్టమైనా, జ్వరంతో మెడ వైపు వాపు పాకుతున్నా మందుల షాపు మాత్రలతో తెల్లారే దాకా ఆగకూడదు, ఊపిరికే అడ్డం పడొచ్చు. 108కి ఫోన్ చెయ్యండి, పెద్దాసుపత్రికి వెళ్ళండి. లంక గ్రామాల్లో ఉన్నవాళ్ళయితే రేవులో పడవ ఆగిపోకముందే బయల్దేరండి.