అమ్మానాన్నల వేలిముద్ర పడకముందే

తండ్రి పెద్దకర్మ నాటి సాయంత్రం, చుట్టాలు వెళ్లిపోయాక, ఒక కొడుకు బీరువాలోంచి దస్తావేజు తీస్తాడు. ఇల్లు రెండేళ్ల కిందటే తన పేరిట రిజిస్టరైందని అప్పుడు చెబుతాడు. మిగతా పిల్లలు ఆ మాట వినడం అదే మొదటిసారి. ఏడాది తిరిగి సంవత్సరీకం వచ్చేసరికి ఒకే తండ్రికి రెండు చోట్ల పిండం పెడతారు. దస్తావేజులు రాసే పనిలో ఉన్నవాడిగా ఇలాంటి ఇళ్లు చాలా చూశాను. అందుకే పెద్దవాళ్లు ఆస్తి రాయాలనుకున్నప్పుడు, సంతకానికి ముందు చూసుకోవలసినవి చెబుతున్నాను.

ముందుగా రాసేది ఏమిటో తెలుసుకోండి. వీలునామా రాసినవారు బతికున్నంత కాలం దాన్ని ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. బతికుండగానే ఆస్తిని ఇంట్లోవారికి రాసిచ్చే సెటిల్‌మెంట్ దస్తావేజు, దానంగా ఇచ్చే గిఫ్ట్ డీడ్ అలా కావు. ఇద్దరు సాక్షులతో రిజిస్టరై, తీసుకున్నవారు ఒప్పుకున్నారంటే ఆస్తి ఆ రోజే చేతులు మారినట్టు. మనసు మారిందని ఒక్కరే వెళ్లి రద్దు దస్తావేజు రాసుకుంటే చెల్లదు. ‘ఇల్లు ఇంకా నా స్వాధీనంలోనే ఉంది కదా’ అన్న ధైర్యమూ పనికిరాదు. మన ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు నుంచి వెళ్లిన ఒక కేసులో, స్వాధీనం ఇవ్వకపోయినా రిజిస్టరైన గిఫ్ట్ చెల్లుతుందని సుప్రీంకోర్టు 2014లో తేల్చింది. ముస్లిం కుటుంబాల్లో హిబాకు, అంటే వారి చట్టం ప్రకారం ఇచ్చే దానానికి మాత్రం స్వాధీనం అప్పగించడం తప్పనిసరి. నన్నడిగితే, పిల్లల మీద నమ్మకం ఎంత ఉన్నా వీలునామాతో సరిపోయే చోట సెటిల్‌మెంట్ దాకా వెళ్లకండి.

రాయక తప్పదనుకుంటే షరతు రాయించండి. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టంలోని 23వ సెక్షన్ ఇందుకోసమే ఉంది. అరవై ఏళ్లు దాటినవారు, తమను చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి రాసిచ్చాక పిల్లలు చూడకపోతే, ఆర్డీఓ అధ్యక్షతన ఉండే ట్రైబ్యునల్‌కు వెళ్లి ఆ దస్తావేజును చెల్లకుండా చేయించుకోవచ్చు. అయితే షరతు ఉన్నట్టు తేలాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. 2025లో మరో తీర్పు ఈ చట్టాన్ని వృద్ధులకు మేలు జరిగేలా విశాలంగా చదవాలంది. మన కేసును ఏ న్యాయమూర్తి ఎలా చదువుతారో అన్న బెంగ ముసలితనంలో ఎందుకు? ‘ప్రేమాభిమానాలతో ఇస్తున్నాను’ అన్న మాటతో ఆపేయకుండా, తిండి, మందులు, ఉండడానికి గది ఎవరు చూడాలో, చూడకపోతే ఏమవుతుందో దస్తావేజులోనే రాయించండి.

పిత్రార్జితమా, స్వార్జితమా అన్నది తేల్చకుండా స్టాంపు కాగితం కొనకండి. ఉమ్మడి ఆస్తిలో విభజన కాని తన వాటాను మిగతా వాటాదారుల సమ్మతి లేకుండా దానం చేస్తే చెల్లదని సుప్రీంకోర్టు 1987లోనే చెప్పింది. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణతో కూతుళ్లకూ పుట్టుకతోనే వాటా ఉంది. పెళ్లప్పుడు కట్నం ఇచ్చాం కదా అన్న వాదన ఆ వాటాను తుడిచేయదు.

ఇక సంతకం చేసే మనిషి సంగతి. ఒకసారి ఒక పెద్దమ్మను ఆటోలో తీసుకొచ్చారు. చేతికి సెలైన్ సూది కట్టిన పట్టీ ఇంకా అలాగే ఉంది. కొడుకు ఆమె బొటనవేలు పట్టుకుని ఇంకు ప్యాడ్ మీద అద్దుతుంటే, ఆమె నా వైపు తిరిగి, ‘ఇది పింఛను కాగితమేనా నాయనా?’ అని అడిగింది. నేను కలం పక్కన పెట్టేశాను. వారం తిరక్కుండా వేరే చోట రాయించుకున్నారు. ఆమె పోయాక పిల్లలు ముగ్గురూ కోర్టుకెక్కారు. ఆస్పత్రి నుంచి వచ్చిన వారంలో ఎవరిచేతా సంతకం పెట్టించకండి. కదలలేని స్థితిలో ఉంటే సబ్ రిజిస్ట్రారే ఇంటికొచ్చి రిజిస్టర్ చేసే వీలు చట్టంలో ఉంది. స్పృహలో, తెలివితో ఉన్నారని డాక్టరు ధ్రువపత్రం తీసుకోండి. దస్తావేజు మొత్తం పైకి చదివి వినిపించండి. ఆస్తి పొందేవారి బావమరిదినో, స్నేహితుణ్నో సాక్షిగా పెట్టకండి. తోటి వృద్ధులనూ వద్దు. పదేళ్ల తర్వాత బోనెక్కి చెప్పగలిగినవారు కావాలి.

అన్నిటికంటే ముఖ్యం, పిల్లలందరినీ కూర్చోబెట్టి ఆ పెద్దల నోటితోనే చెప్పించడం. దూరదేశంలో ఉన్నవారు వీడియో కాల్‌లో వినవచ్చు. ఎవరికి ఎందుకు ఎక్కువ ఇస్తున్నారో తల్లి చెబితే పిల్లలు కోపంగానైనా వింటారు. అదే మాట ఆమె పోయాక తమ్ముడు చెబితే నమ్మరు.

అనుమానం ఉన్న పిల్లలు ఏడాదికోసారి ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలుండే పత్రం తీసి చూసుకోండి. కొత్త దస్తావేజు కనిపిస్తే వెంటనే నకలు తీసుకుని వకీలును కలవండి. దస్తావేజు రద్దు కోరే దావాకు, విషయం తెలిసిన నాటి నుంచి మూడేళ్లే గడువు. పొలం పట్టాదారు పాస్‌బుక్‌లో పేరు మారినంత మాత్రాన హక్కు పోయినట్టు కాదు. తన తరఫున పనులు చేయమని నాన్న రాసిచ్చిన మామూలు జీపీఏ (అధికారపత్రం) ఆయనతోనే ముగిసిపోతుంది. ఆ తర్వాత దాంతో అమ్మితే కొన్నవారికీ చిక్కే.

చివరగా, తండ్రి రాసే దస్తావేజుల్లో తరచూ మరిచిపోయేది అమ్మను. ‘నా జీవితకాలం నేను అనుభవిస్తాను’ అని రాయించి ఊరుకుంటారు. ఆయన పోయిన మర్నాటి నుంచి ఆ ఇంట్లో ఆమె ఎవరి దయ మీద ఉండాలి? ‘నా తదనంతరం నా భార్య తన జీవితకాలం ఈ ఇంట్లో ఉండి అనుభవించవలెను’ అని ఇంకో వాక్యం చేర్చమని అడగండి. ఆ వాక్యాన్ని ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని చదివించండి.