ట్రైకో కార్డులు కట్టినా మొగి పురుగు ఆగలేదా?

వరిలో కార్డులు కట్టాక కూడా మొవ్వులు ఎండి, పట్టి లాగితే చేతికి ఊడి వస్తున్నాయా? కార్డు నాసిరకమని తేల్చేయకండి. ట్రైకో కార్డు అంటే ట్రైకోగ్రామా అనే బదనిక (ఇతర పురుగుల గుడ్లలో పెరిగే చిన్న కందిరీగ) పిల్లలున్న గుడ్లను అంటించిన అట్ట. చేలో కట్టిన ముక్కను విప్పి భూతద్దంతో చూడండి. కనిపించేదాన్ని బట్టి కారణం తెలుస్తుంది.

నల్ల గుడ్లకు గుండ్రటి చిన్న రంధ్రాలున్నాయి. బదనికలు బయటికొచ్చాయి, కార్డు మంచిదే. ఎక్కువసార్లు పొరపాటు జరిగేది అదునులోనే. ట్రైకోగ్రామా మొగి పురుగు గుడ్డులో తన గుడ్డు పెడుతుంది, అంతే. పిల్లపురుగు కాండంలోకి దూరాక దాని జోలికి పోలేదు. మొవ్వు ఎండాక కార్డు కట్టడమంటే దొంగ పోయాక తలుపు వేయడమే. నాట్లు కాగానే ఎకరాకు 3 లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసనతో మగ పురుగులను రప్పించి పట్టేవి) పెట్టండి. వాటిలో మొగి పురుగు తాలూకు రెక్కల పురుగులు పడడం మొదలవగానే తొలి విడత కట్టాలి. విడతకు ఎకరాకు 2 సీసీల కార్డు, అంటే సుమారు 40 వేల గుడ్లు. బదనిక బతికేది కొద్ది రోజులే కాబట్టి వారానికోసారి కనీసం 3 విడతలు తప్పవు. ట్రైకోగ్రామా రకం కూడా చూసి కొనండి: మొగి పురుగుకు జపానికం, ఆకుముడతకు చిలోనిస్.

నల్లగానే ఉన్నాయి, రంధ్రాల్లేవు. బదనికలు లోపలే చచ్చి ఉండవచ్చు. ఎండలో బండి మీద తెచ్చినా, ఫ్రిజ్‌లో ఐసు అరలో పెట్టినా ఇదే గతి. ఆగాల్సి వస్తే 10 డిగ్రీల దగ్గర కొద్ది రోజులు ఉంచవచ్చు, కానీ తెచ్చిన సాయంత్రమే కట్టడం మేలు.

అట్ట బోసిగా ఉంది. చీమలు తినేశాయి, లేదా వాన కడిగేసింది. కార్డును ముక్కలుగా కత్తిరించి, గట్టుకు దూరంగా, గుడ్లు కిందికి ఉండేలా ఆకు అడుగున స్టేపుల్ చేయండి.

అన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఫలితం లేదు. మందు ఎప్పుడు కొట్టారో గుర్తు చేసుకోండి. కార్డుకు ముందు వారం, తర్వాత వారం పురుగుమందు పడకూడదు. పక్క చేలో కొట్టింది గాలికి వచ్చినా బదనిక బతకదు.

ఇప్పటికే నూటికి 5 పిలకల్లో మొవ్వు చనిపోయి ఉంటే కార్డులు ఆపి, ఎకరాకు 8 కిలోల కార్టాప్ హైడ్రోక్లోరైడ్ 4జి గుళికలు పలుచటి నీటిలో వేయండి. సింథటిక్ పైరిథ్రాయిడ్లు మాత్రం వద్దు. సుడిదోమను తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు చచ్చి ఆ దోమ లేస్తుంది.

వచ్చే పంటకు నారు కొనలు తుంచి నాటండి. గోధుమరంగు నూగు కప్పిన మొగి పురుగు గుడ్ల ముద్దలు ఉండేది ఆ కొనల మీదే.